పైఅక్క తలనొప్పి

జనవరి 9

ఒసే చిట్టీ,

ఫోన్ ఎత్తట్లేదని అలగకు. ఆ వెలుగు కంట్లో పడితే చాలు, మెడ వెనక మొదలైన నొప్పి నెత్తి మీదుగా పాకి కుడి కన్ను వెనక కూర్చుంటోంది. చెవికి ఆనించుకుందామంటే మెడ వంచాలి, వంచితే మళ్ళీ అదే గోల. అయినా ఫోన్లో నువ్వు మాట్లాడేది ఏముంది గనక! "ఊఁ", "సరే", "ఉంటానక్కా". ఈ మూడు ముక్కల కోసం నా తలకాయ పణంగా పెట్టాలా? కాగితం మీదైతే నీకూ నోరొస్తుంది. అందుకే రాస్తున్నా. గోడకి అట్ట ఆనించి, నిలబడి, పెన్సిల్‌తో. వంగకుండా రాయాలంటే ఇదొక్కటే దారి. అక్షరాలు కొండెక్కుతున్నాయని నవ్వకు.

అసలు సంగతి. నన్ను క్రేన్ మీంచి దింపేశారు.

దింపేశారు అనకూడదులే, నేనే దిగాను. పోయిన వారం పైన కేబిన్లో కూర్చుని, కాళ్ళ కిందున్న అద్దంలోంచి చూస్తూ ఇనుప చువ్వల కట్ట దింపుతున్నా. కళ్ళు బైర్లు కమ్మాయి. కట్టని క్షేమంగానే దింపాను, ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. కానీ వాకీటాకీలో నేనే చెప్పా, "ఇవాళ్టికి నా వల్ల కాదు, ఇంకొకర్ని పంపండి" అని. సూపర్వైజర్ నన్ను స్టోర్ రూములో వేశాడు. కిటికీ కూడా లేని గది. ఇన్నేళ్ళు ఊరందరి నెత్తి మీద కూర్చున్నదాన్ని, ఇప్పుడు నట్లూ బోల్టులూ సర్దుతున్నా. సైట్లో అందరూ ఇంకా "పైఅక్కా" అనే పిలుస్తున్నారు. పిలిచి, నాలిక కరుచుకుంటున్నారు. అది నొప్పికన్నా ఎక్కువ బాధ.

పై అంతస్తులు మొదలయ్యేలోపు తేలాలట. తల బాగుపడితే కుర్చీ నాది. లేకపోతే స్టోరే ఖాయం.

తల ఫోటో తీయించాం. మెదడు శుభ్రంగా ఉందన్నారు. మీ బావ ఏమన్నాడో తెలుసా? "నేనెప్పుడో చెప్పా, వాడని వస్తువు కొత్తగానే ఉంటుంది" అన్నాడు. ఆ రోజు స్కూలు బస్సు తోలడానికి టిఫిన్ లేకుండా వెళ్ళాడు.

ఇప్పుడో కొత్త డాక్టరమ్మ దొరికింది. నొప్పులకే డాక్టర్. మెడ పైభాగంలో రెండు వేళ్ళు పెట్టి నొక్కగానే కన్ను వెనక నొప్పి లేచి కూర్చుంది. "ఇది తలనొప్పి కాదమ్మా, మెడ నొప్పి. తలకి చాడీలు మోస్తోంది" అంది. మెడ ఎముకల మధ్య చిన్న కీలు అరిగిందట. దాని కబుర్లు మోసే సన్నటి నరం ఒకటుందట. సూది పెట్టి, రేడియో తరంగాలతో దాని మొన వేడెక్కించి ఆ నరాన్ని కాలుస్తారట. ముందు ఒక పరీక్ష. ఆ నరం దగ్గర మత్తుమందు వేసి, కొన్ని గంటలు నొప్పి పోతుందేమో చూస్తారు. పోతే దొంగ అదే.

వచ్చే వారం పరీక్ష. నీ పుస్తకాల్లో దీని గురించి ఏమన్నా ఉందేమో చూడు.

మీ అక్క


జనవరి 14

అక్కా,

నీ ఉత్తరం లైబ్రరీ చిరునామాకి వచ్చింది. మా లైబ్రేరియన్ పెద్దావిడ కవరు చూసి, "ఎవరో గోడ మీద పెట్టి రాసినట్టున్నారే" అంది. అవునని చెప్పాను.

"కాలుస్తారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాతి వాక్యాలు మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చింది. కాల్చింది మళ్ళీ వస్తుందా? అది మెదడుకి వెళ్ళే నరమా? కాల్చాక నువ్వు నన్ను గుర్తుపడతావా? ఇది హాస్యానికి అడగడం లేదు.

ఇక్కడ నరాల మీద ఉన్నవి పెద్ద చదువుల పుస్తకాలు, నాకు అర్థం కావు. గృహవైద్యం పుస్తకం ఒకటి అర్థమైంది. దాని వెన్ను ఊడిపోతే నిరుడు నేనే అతికించాను. అందులో స్పష్టంగా ఉంది: మెడకు గానీ వెన్నుకు గానీ సూదిమందు వేయించుకున్న మనిషి ఆ రోజంతా చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి.

నువ్వు పడుకోవు. నాకు తెలుసు. చిన్నప్పుడు కాలు విరిగినప్పుడు కూడా గోడ ఎక్కావు. అక్కా, నీ జీవితంలో ఒక్కసారి నా మాట విను. పరీక్ష కాగానే ఇంటికొచ్చి పడుకో. కిటికీలు మూసుకో. బావగారితో నేనే చెప్పేదాన్ని, కానీ ఆయన ఫోన్ ఎత్తి "ఎవరూ" అంటే నాకు నా పేరే గుర్తురాదు.

నీ
చిట్టి


జనవరి 27

చిట్టీ,

నిన్ను ఏం చేసినా పాపం లేదే.

పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరి మాటా విన్లేదు. అమ్మ మాట విన్లేదు, టీచరమ్మల మాట విన్లేదు, పెళ్ళయ్యాక మీ బావ మాట విన్నట్టు నటించానంతే. మొదటిసారి విన్నది నీ మాట. దాని ఫలం ఇదిగో అనుభవిస్తున్నా.

పరీక్ష అయింది. సూది చీమ కుట్టినంతే. నర్సమ్మ చెప్పింది, "ఇప్పుడు వెళ్ళి మీకు నొప్పి తెప్పించే పనులన్నీ చేయండి, ఎలా ఉందో చూసుకోండి" అని. నేను మనసులో అనుకున్నా, ఈ పిల్లకేం తెలుసు, మా చెల్లెలు పుస్తకం చూసి చెప్పింది కదా అని. ఇంటికొచ్చా, కిటికీలు మూశా, దుప్పటి కప్పుకుని పడుకున్నా. మీ బావ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు, చప్పుడవుతుందని. హాయిగా నిద్రపట్టింది. లేచేసరికి సాయంత్రం, నొప్పి ఎప్పట్లా ఉంది.

మర్నాడు డాక్టరమ్మ అడిగింది, "మందు పనిచేసిన ఆ గంటల్లో తగ్గిందా?"

"తెలీదండీ, నిద్రపోయా."

"మెడ వంచి చూశారా? అటూ ఇటూ తిప్పారా?"

"లేదండీ, మా చెల్లెలు కదలొద్దంది."

"మీ చెల్లెలు డాక్టరా?"

"లైబ్రరీలో పుస్తకాలు అతికిస్తుందండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తిట్టలేదు, అదే నాకు నచ్చింది. "'తెలీదు' అనే మాట మీద నేను నరం కాల్చలేనమ్మా" అంది. మళ్ళీ పరీక్ష చేయాలి. ఈలోపు రోజులు గడుస్తున్నాయి. పై అంతస్తులకి కర్రలు కట్టేస్తున్నారు. స్టోర్ తలుపులోంచి చూస్తుంటే నా క్రేన్ వేరేవాళ్ళ చేతిలో తిరుగుతోంది.

ఇంకోటి. అది మెదడుకి వెళ్ళే నరం కాదు. ఆ కీలు సంగతులు మోయడం తప్ప దానికి వేరే పెద్ద పనేం లేదట. నిన్ను గుర్తుపడతా, బెంగపడకు. గుర్తుపట్టి మరీ చెవి మెలేస్తా.

అక్క


ఫిబ్రవరి 2

అక్కా,

ఆ పుస్తకాన్ని ఆరోగ్యం వరసలోంచి తీసి పాత పుస్తకాల గదిలో పెట్టాను. మా పెద్దావిడ ఎందుకని అడిగితే, ముద్రించి చాలా కాలమైందన్నాను. నేను పుట్టకముందు వేసిన పుస్తకమని చివరి పేజీలో ఉంది. నేను మొదటి పేజీ మాత్రమే చూశాను.

ఈసారి నర్సమ్మ చెప్పినట్టే చెయ్యి. నీకు నొప్పి తెప్పించేది ఎత్తు నుంచి కిందికి చూడటం, చూస్తూ మెడ తిప్పడం. స్టోర్ రూములో అది కుదరదు. ఎత్తైన చోటు ఏదైనా వెతుక్కో.

నా మాట వినకు.

చిట్టి


ఫిబ్రవరి 15

చిట్టీ,

తలనొప్పి తిరిగొచ్చింది. బ్రహ్మాండంగా వచ్చింది. చాలా సంతోషం. అంతా నీ సలహా వల్లే. వీధిలో తల ఎత్తుకోలేకపోతున్నాం. వివరాలు తర్వాత.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నీ కార్డు చదివాను. "చాలా సంతోషం" అన్నది ఏ గొంతుతో అన్నావో నాకు వినిపించింది. నేను దానికి అర్హురాలినే. ఎత్తైన చోటు చూసుకోమన్నది నేనే. దానివల్ల నొప్పి ఎక్కువై, నలుగురిలో అవమానం కూడా జరిగిందన్నమాట.

ఇకమీద నీ వైద్యం విషయంలో ఒక్క ముక్క రాయను. నువ్వు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను. చలికి మెడకు ఉన్ని కండువా కట్టుకో. ఇది సలహా కాదు.

చిట్టి


ఫిబ్రవరి 25

ఓసి పిచ్చిమొద్దూ!

ఎత్తిపొడుపు కాదే, నిజంగానే సంతోషం! కార్డులో చోటు లేక అలా రాశా. పూర్తిగా విను.

పరీక్ష కాగానే తిన్నగా మా క్వార్టర్స్ డాబా ఎక్కా. పిట్టగోడ దగ్గర బల్ల వేసుకుని, క్రేన్లో కూర్చున్నట్టే కూర్చుని, ముందుకి వంగి కిందికి చూడ్డం మొదలెట్టా. ఊరికే చూస్తే సరిపోదు కదా, బరువు కదలాలి, నా చూపు దాని వెంట తిరగాలి. అందుకని మీ బావని కింద నిలబెట్టా, ఎర్ర బకెట్ చేతికిచ్చి. "ఎడమకి! ఇంకొంచెం! ఆగు! కుడికి!" అని నేను అరవడం, ఆయన బకెట్ పట్టుకుని అటూ ఇటూ నడవడం.

ముందు ఇస్త్రీ ఆవిడ చూసింది. "అమ్మా, దిగమ్మా! మొగుడన్నాక ఏదో ఒకటి అంటాడు, దానికే ఇంత పనా!" అని ఒకటే కేకలు. జనం పోగయ్యారు. మీ బావ, "నేనేం అన్లేదండీ" అంటాడు. "ఏమీ అనకపోతే ఆ బకెట్ ఎందుకయ్యా, కింద పడితే పట్టుకుందామనా?" అని ఆవిడ. "ఇది బరువండీ" అంటాడు ఈయన. ఎవరికి అర్థమవుతుంది? ఎదురింటి రిటైర్డ్ మాస్టారు గంభీరంగా, "చదువుకున్నవాడివి, ఆడదాన్ని ఇలా ఏడిపిస్తావా" అని క్లాసు పీకాడు. ఈలోపు వాచ్‌మన్ పిల్లిలా పైకొచ్చి వెనకనుంచి నన్ను వాటేసుకుని వెనక్కి లాగాడు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

పడి, నవ్వుతూ ఉండిపోయా చిట్టీ. పడినా నొప్పి లేదు. వంగితే లేదు, తిప్పితే లేదు. వాచ్‌మన్ నా మొహం చూసి జడుసుకున్నాడు. "తలనొప్పి లేదు బాబూ!" అన్నా. "తలే లేనట్టుందమ్మా నీకు" అన్నాడు.

సాయంత్రానికి మందు దిగిపోయింది. మెడ వెనకనుంచి మెల్లిగా, చెప్పిన టైముకి వచ్చే బస్సులా, నొప్పి వచ్చింది. మందు ఉన్నంతసేపు లేదు, మందు పోగానే వచ్చింది. అంటే దొంగ దొరికినట్టే కదా! వస్తున్న నొప్పికి ఎదురెళ్ళి దండేసి తెచ్చుకోవడం నేనొక్కదాన్నే చేసుంటా.

డాక్టరమ్మ మాత్రం ఒక్కసారికి నమ్మే మనిషి కాదు. ఇంకో రకం మందుతో మళ్ళీ చేసి చూసింది. అదే కథ. ఈసారి వాచ్‌మన్ తనే బల్ల తెచ్చి వేశాడు, బకెట్ మోయడానికి మీ బావ బదులు మాస్టారు దిగాడు. నరం కాల్చేది మార్చి మొదటి వారంలో.

"ఇకమీద ఒక్క ముక్క రాయను" అన్నావు చూడు, అది చదివి ఏడుపొచ్చింది. రాయి. తప్పులే రాయి. ఎత్తైన చోటు చూసుకోమన్నది ఎవరు మరి?

అక్క


మార్చి 19

చిట్టీ,

అయింది. బోర్లా పడుకోబెట్టారు. పైన ఎక్స్‌రే యంత్రం, పక్కన తెర. డాక్టరమ్మ మెడ దగ్గర తిమ్మిరెక్కించి సూది దించింది. కాల్చేముందు చిన్న కరెంటు పంపి, "ఎక్కడ జివ్వుమంటోంది?" అని అడిగింది. "కుడి కన్ను వెనకండీ, రోజూ వచ్చే చోటే" అన్నా. "దొరికాడు" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పైన ఇంకాస్త మత్తు, తర్వాత వేడి. కాఫీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు.

ఇంతవరకు బాగుంది. ఇక్కణ్ణుంచి బాగాలేదు.

నొప్పి పోలేదే. పైగా తల వెనక చర్మమంతా ఎండకి కమిలినట్టు మండుతోంది. దువ్వెన తగిలితే ప్రాణం పోతోంది. నడుస్తుంటే నేల కొంచెం పక్కకి జరిగినట్టుంటోంది. నేల మీదే ఇలా ఉంటే నిచ్చెన ఎక్కేదెలా? డాక్టరమ్మ ఏదో చెప్పే ఉంటుంది, కాల్చేశాం అన్న సంబరంలో నేను విన్నానా పాడా. మళ్ళీ వెళ్ళి అడగాలంటే భయం. "పనిచేయలేదు" అని ఆవిడ నోటితో వినాలని లేదు.

మీ బావ జోకులు మానేశాడు. దాన్నిబట్టే అర్థమవుతోంది ఇంట్లో పరిస్థితి.

సూపర్వైజర్ కాగితం తెచ్చాడు. పై అంతస్తులు మొదలవుతున్నాయి, క్రేన్‌కి పర్మనెంటు మనిషి కావాలట. నేను స్టోర్‌కి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి. ఆయన మంచివాడే, చూపు నేలకేసి పెట్టుకుని మాట్లాడాడు. సోమవారం పెడతానన్నా.

స్టోర్లో నీడ ఉంటుంది. ఫ్యాను ఉంది. ఏం పోయింది?

అక్క


మార్చి 24

అక్కా,

ఈ ఉత్తరం చేరేసరికి విషయం నీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా ఏం జరిగిందో నేనే చెప్పాలి.

నీ ఉత్తరం శనివారం అందింది. జవాబు రాస్తే సోమవారంలోగా చేరదు. బావగారి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మా పెద్దావిడ భోజనానికి వెళ్ళాక ఆఫీసు ఫోన్ ముందు కూర్చున్నాను. అంతకుముందు పుస్తకాల బీరువాల మధ్య నిలబడి "నమస్కారం, నేను ఫలానా ఆవిడ చెల్లెల్ని" అన్న వాక్యాన్ని సాధన చేశాను. ఆసుపత్రివాళ్ళు ఎత్తగానే ఆ వాక్యం పోయింది. "మా అక్క తల మండుతోంది" అన్నాను. అవతల మనిషి, "మీరు అగ్నిమాపక కేంద్రానికి చేయాలండి" అన్నాడు. పెట్టేయబోయాను. పెట్టేయలేదు.

చివరికి నీ నర్సమ్మ దొరికింది. లైబ్రరీ చెల్లెలు అనగానే నవ్వి, "కదలకుండా పడుకోమన్నది మీరేనా?" అంది. అవునన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. "ఆ మంట చాలామందికి వస్తుందమ్మా. ఆ తూలడం కూడా ఆ నరం కాలిస్తే కొందరికి ఉంటుంది, మెల్లిగా సర్దుకుంటుంది. నరం కాలినరోజే నోరు మూయదు. వారాలు పడుతుంది. అందరికీ తగ్గుతుందని మేం చెప్పం. కానీ ఇప్పుడే తేల్చేయడం మాత్రం తొందర. ఒకసారి తీసుకురండి, డాక్టరుగారు చూస్తారు."

తర్వాత మీ సూపర్వైజర్‌గారికి ఫోన్ చేశాను. నంబరు సైట్ ఆఫీసులో అడిగాను. "సర్, సోమవారం మా అక్క సంతకం పెడతానంటే మీరు తీసుకోవద్దు సర్" అన్నాను. ఎందుకని అడిగారు. నర్సమ్మ మాటలు చదివి వినిపించాను. "పైఅక్కకి మాట్లాడే చెల్లెలు ఉందా? ఆవిడ ఎప్పుడూ మూగ చెల్లెలనే చెప్పింది" అన్నారు. "అవసరమైనప్పుడు మాట్లాడతాను సర్" అన్నాను. ఏప్రిల్ ఆఖరుదాకా ఆగుతానన్నారు.

నీకు చెప్పకుండా నీ ఉద్యోగం గురించి మాట్లాడాను. కోపం వస్తే రానీ. ఫ్యాను ఉందట, నీడ ఉందట. నువ్వు ఎప్పుడు నీడ అడిగావు?

చిట్టి


ఏప్రిల్ 16

చిట్టీ,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలెట్టా. మొదటిది తిట్లు. "నా ఉద్యోగం గురించి మాట్లాడ్డానికి నువ్వెవరివే, నేనేమన్నా పసిపిల్లనా" అని పేజీ నిండా దులిపేశా. సోమవారం పెన్ను పట్టుకుని వెళ్తే సూపర్వైజర్ కాగితం సొరుగులో పెట్టేసి, "మీ చెల్లెలు వద్దంది" అన్నాడు. స్టోరంతా విన్నారు. తల కొట్టేసినట్టయింది. పోస్టు చేద్దామని కవరు అంటించా కూడా.

అది పోస్టు చేయకముందే ఒకటి జరిగింది.

పొద్దున్నే మీ బావ మీద అరుస్తున్నా. ఏదో మామూలే, తడి తువ్వాలు మంచం మీద వేశాడు. అరిచి, వంగి మంచం కిందనుంచి చెప్పులు తీసుకుని, లేచి, మళ్ళీ అరిచా. ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఏంటి చూస్తారు?" అన్నా. "వంగావు" అన్నాడు. "అయితే?" "వంగి లేచావు. కిటికీ తీసుంది. ఎండ నీ మొహం మీదే పడుతోంది. పైగా అరుస్తున్నావు."

నేను గమనించనేలేదు చిట్టీ. నొప్పి ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. మంట తగ్గిందని తెలుసు, తూలడం ఆగిందని తెలుసు. నొప్పి మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయింది, అద్దె ఎగ్గొట్టినవాడిలా. మీ బావ అక్కడే కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూ, "ఇంకో తువ్వాలు వెయ్యనా?" అన్నాడు.

డాక్టరమ్మ మెడ తిప్పించింది, వంచింది, గీత మీద నడిపించింది, కళ్ళు మూసి నిలబెట్టింది. తల వెనక కొంచెం మొద్దుబారి ఉంది, అది ఉంటుందట. "ఇక పైకి వెళ్ళొచ్చు" అని రాసిచ్చింది. ఒకటి ముందే చెప్పింది: నరం మళ్ళీ మొలుస్తుంది. ఏడాదికో, అటూ ఇటూగానో నొప్పి తిరిగి రావచ్చు. మొలవనీ. మళ్ళీ వెళ్ళి కాల్పించుకుంటా. గడ్డం పెరుగుతుందని మీ బావ గీసుకోవడం మానేశాడా?

కంపెనీ డాక్టరూ సరేనన్నాడు. ఇంకో ఆపరేటర్ పక్కన ఉండగా కొన్నాళ్ళు నడిపి చూపించాలి, అదీ మొదలైంది. మే మొదట్లో ఒంటరిగా ఎక్కుతా. రా. లైబ్రరీకి ఒకరోజు సెలవు పెడితే పుస్తకాలు పారిపోవు.

మొదటి ఉత్తరం చింపేశా. అందులో ఒక్క వాక్యం మాత్రం బాగుంది, ఇక్కడ రాస్తున్నా: నువ్వెవరివే?

నాకు తెలుసులే.

అక్క


మే 7

అక్కా,

నిన్న బస్సెక్కే హడావిడిలో నీకు సరిగ్గా ఏమీ చెప్పలేకపోయాను. పైగా నువ్వు, బావగారు, వాచ్‌మన్, మాస్టారు అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే నా వంతు రాలేదు. నువ్వు పైన ఉన్నందువల్ల చూడలేకపోయినవి కొన్ని ఉన్నాయి. అవి రాస్తున్నాను.

గేటు దగ్గర నాకు హెల్మెట్ ఇచ్చారు. కళ్ళ మీదకి జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నువ్వు నిచ్చెన ఎక్కుతూ చిన్నదానివై, వేలంతై, చివరికి కేబిన్ తలుపులో మాయమయ్యావు. ఒక్కసారి కూడా ఆగలేదు. సూపర్వైజర్‌గారు నా పక్కనే ఉన్నారు. నువ్వు కూర్చున్నాక గట్టిగా ఊపిరి వదిలారు. అంతసేపూ బిగబట్టినట్టున్నారు.

పైఅంతస్తు కిటికీల అద్దాలు ఆ రోజే వచ్చాయి. చెక్క చట్రంలో నిలువుగా పెట్టి కట్టారు. కొక్కెం దిగింది. ఎక్కడా తడబడకుండా దిగి, సైగలు చేసే ఆయన ఛాతీ ఎత్తులో, చెయ్యి చాపితే అందేలా ఆగింది. ఆయన వాకీటాకీలో ఏదో చెప్పబోయి, చెప్పాల్సింది ఏమీ లేక నవ్వాడు. అద్దాలు లేచాయి. ఎండ వాటి మీద పడి పనివాళ్ళ మొహాల మీదుగా వెళ్ళింది. ఇసుక మోస్తున్నవాళ్ళు, ఇనుము వంచుతున్నవాళ్ళు ఆగిపోయి పైకి చూశారు. అద్దాలు పైన నేలని తాకినప్పుడు చప్పుడు కూడా రాలేదు. అప్పుడు అందరూ ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు.

పక్కన కాంక్రీటు కలిపే యంత్రం మోగుతోంది. దాని దగ్గరున్న ఒకావిడ కొత్తగా చేరినట్టుంది, నా చెవిలో అరిచింది, "పైన ఎవరమ్మా?"

మామూలుగా అయితే తల ఊపి ఊరుకునేదాన్ని.

హెల్మెట్ వదిలేసి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాను, "మా అక్క!" ఆమెకి వినపడలేదు. మళ్ళీ అరిచాను. సరిగ్గా అప్పుడే యంత్రం ఆగింది. సైటంతా నావైపు తిరిగింది. నేను ఆపలేదు. మూడోసారి కూడా అన్నాను.

అంత ఎత్తులో నీకు వినపడి ఉండదు. అందుకని రాస్తున్నాను.

నీ
చెల్లెలు